ముట్టని కాఫీ

మూడోసారి పోసిన కాఫీ కూడా చల్లారిపోయింది. ఫిద్దా ఆ కప్పు వైపు చూడనైనా లేదు.

పొద్దు వాలే వేళ చదివే అసర్ నమాజుకి ఇంకా రెండు గంటలుంది. ఆ నమాజుతో సంధి గడువు తీరిపోతుంది.

యూఫ్రటీస్‌కి ఈ ఒడ్డునున్న ఊరు ఒక సేన వైపు, ఆ ఒడ్డునున్న ఊరు ఇంకో సేన వైపు. ఆరేళ్ళుగా ఇదే. మూడు రోజుల కిందట ఏటి ఒడ్డున ఒక కుర్రవాడు గుండు తగిలి పడిపోయాడు. రెండూళ్ళ పెద్దలూ పరుగెత్తి మూడు రోజులు ఎవరూ కాల్చకుండా మాట తీసుకున్నారు.

ఇలాంటప్పుడు ప్రాణం తీసినవాళ్ళు ప్రాణం పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. అడిగింది ఒప్పుకునేదాకా కాఫీ ముట్టరు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కానీ ఒక ఆడది ఒంటరిగా పడవెక్కి రావడం మాత్రం ఏటికి రెండు వైపులా ఎవరూ ఎరగరు.

ఆ ఇంటి పెద్ద, ముసలి దహ్హామ్ తల వంచుకుని జపమాల తిప్పుతున్నాడు. ఆమె ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు. కాఫీ పోస్తూ ఆయన కోడలు సగం చాప మీద ఒలకబోసింది. ఈ ఒడ్డు కాపలా అంతా చూసే ఆయన కొడుకు నవాఫ్, భుజాన తుపాకీతో, గుమ్మం దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"మీ మగాళ్ళు లేరా చెల్లీ?" అన్నాడు దహ్హామ్ చివరికి.

"ఉన్నారు. అందుకే నేనొచ్చాను."

తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

ఆమె బయల్దేరుతుంటే మరుదులు తిట్టిపోశారు. ఆ గడప తొక్కితే మళ్ళీ మా గడప తొక్కొద్దన్నారు. ఫిద్దా వినిపించుకోలేదు. కొడుకు రాకాన్ మిద్దె మీద మెషిన్‌గన్ వెనక కూర్చుని ఉన్నాడు. పదిహేడేళ్ళు. మీసం కూడా సరిగ్గా రాలేదు. గడువు తీరితే వాడు ఎవరినో చంపుతాడు, లేదా వాడే పోతాడు.

"ఏం కావాలో అడుగు" అన్నాడు దహ్హామ్.

"నీ కొడుకుని నాతో పడవెక్కించు. మావాళ్ళ ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు."

జపమాల ఆగిపోయింది. "తిరిగొస్తాడా?"

"నేను కప్పుకున్న ఈ అబాయా కొంగు కింద కూర్చుంటాడు. దాని మీదకి తుపాకీ ఎత్తే మగాడు మా ఒడ్డున ఇంకా పుట్టలేదు."

మాటలతో ఏం తెగుతుందని ముసలాయన గొణిగాడు.

"ఆరేళ్ళు కాల్చుకున్నారుగా అన్నా. ఏరు జానెడైనా అటు జరిగిందా, ఇటు జరిగిందా? ఒక్క పూట మాట్లాడుకుంటే నోళ్ళు అరిగిపోతాయా?"

దహ్హామ్ జపమాల పక్కన పెట్టాడు. తర్వాత కొడుకుని చూశాడు. నవాఫ్ తుపాకీ తీసి భార్య చేతిలో పెట్టాడు.

"తాగు చెల్లీ" అన్నాడు ముసలాయన.

ఫిద్దా ఆ చల్లటి చేదుని ఒక్క గుక్కలో తాగి లేచింది.

పడవ ఏటి మధ్యకొచ్చేసరికి రెండు ఒడ్డుల తుపాకులూ దాని వైపే తిరిగాయి. నవాఫ్ పళ్ళు టకటకలాడుతున్నాయి. ఫిద్దా అబాయా కొంగు తీసి అతని భుజాల మీదుగా కప్పింది.

"కదలకు నాయనా, పడవ ఊగుతోంది. నాకు ఈత రాదు."

అతని కుడిచేతిని తన ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

మూడు రోజుల కిందట ఆమె పెద్దకొడుకు సత్తామ్‌ని కాల్చింది ఆ చెయ్యే.