మోకాళ్ళ ప్రార్థన

"వంచరా నాన్నా! ఇంకొక్క రవ్వ వంచు!"

"అవ్వట్లేదే అమ్మా! ఒగ్గేయ్!"

మార్తమ్మ ఒగ్గలేదు. బల్లమీద పడుకున్న కొడుకు మడమని రెండు చేతులా పట్టుకుని నెట్టింది. జీవరాజు కాలు కర్రలా బిగుసుకుపోయింది. పెద్దమనిషి వస్తున్నాడని పొద్దున్నే వేసుకున్న తెల్ల పైజమా చెమటకి తడిసిపోయింది.

ఆ పెద్దమనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. పేరు సూర్యారావు. జీవరాజుని జీతమిచ్చి ఆడించే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు తరఫు మనిషి. పొట్టంగి కొండల ఘాటీ ఎక్కి కొరాపుట్ దాకా వచ్చింది ఒక్క సంగతి తేల్చుకోడానికే. కుర్రాడు ఈ సీజనులో ఆడతాడా, ఆడడా?

"ఆపరేషనయి ఎనిమిది నెలలు దాటింది. డాక్టరేమో అంతా అతుక్కుంది, బాగుంది అంటాడు. మరి వంగదేం?" అన్నాడు సూర్యారావు.

"అదే నాకూ తెలీడం లేదు బాబూ," అంది మార్తమ్మ మొహం తుడుచుకుంటూ. పాతికేళ్ళుగా నర్సు ఆవిడ. ఎందరి కాళ్ళో వంచి ఇంటికి నడిపించింది. తీరా సొంత కొడుకు దగ్గరకొచ్చేసరికి ఆవిడ చేతిలో ఉన్న విద్యంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. ఆ ఉక్రోషం ఆవిడని లోపల దహించేస్తోంది.

"పోనీ, ఒక్కసారి లేచి దీన్ని కాలితో ఆపవోయ్," అని సూర్యారావు సంచిలోంచి బంతి తీసి మెల్లగా దొర్లించాడు.

అప్పుడే బల్ల దిగి నిలబడ్డ ఇరవై రెండేళ్ళ జీవరాజు పాముని చూసినట్టు వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయాడు. బంతి వచ్చి అతని బొటనవేలికి తగిలి ఆగిపోయింది.

"నొప్పా?"

"నొప్పి కాదు సార్. సప్పుడు."

"ఏం చప్పుడు?"

"ఆ రోజు ఆటలో మోకాల్లో టక్‌మంది సూడండి, ఆ సప్పుడు. బంతిని సూస్తే ఇనిపిస్తంది. అమ్మ ములక్కాడ ఇరిసినా ఇనిపిస్తంది. ఇంకోసారి ఇంటే నేను బతకను సార్."

సూర్యారావు పకపకా నవ్వాడు. "పోవోయ్! మన గోల్‌కీపరుకి రెండుసార్లు చెయ్యి విరిగింది. ఈల వేసుకుంటూ ఆడుతున్నాడు. మగాడివి, ఏమిటా మాటలు!"

జీవరాజు తల్లి వైపు చూశాడు. ఆవిడైనా ఒక మాట అంటుందనుకున్నాడు పాపం. ఆవిడ చూపంతా మోకాలి మీదే ఉంది.

"భయం గియం ఏటీ లేదు బాబూ. కాలొక్కటి వంగితే అన్నీ అవే పోతాయి," అంది మార్తమ్మ.

"రెండింటికి నా బస్సు. సాలూరులో దిగగానే క్లబ్బుకి టెలిగ్రాం కొట్టాలి. ఉంచమనో, పేరు కొట్టేయమనో. కొట్టేస్తే మళ్ళీ ఎక్కదమ్మా."

"అంతమాటనకండి బాబూ! ఆ ఆటే మా గుంటడి బతుకు. ఇంకోటేటీ తెల్దు వాడికి."

"సరే, మీరు నర్సు. మీ మాటే నా మాట. నెల్లో వంగుతుందంటే ఉంచమంటాను. వంగదంటే అంతే. చెప్పండి."

"ప్రార్థన సేసుకుని సెప్తాను," అంది మార్తమ్మ. "ప్రయాణమయ్యేవోళ్ళని ఎలాగూ ప్రార్థన లేకుండా పంపం."

ఆ ఇంట ప్రార్థనంటే మోకాళ్ళమీదే. ఎర్రమన్నుతో అలికిన నేల కావడంతో మార్తమ్మ చీరలన్నిటికీ మోకాళ్ళ దగ్గర మరకలే. జీవరాజు మాత్రం కాలు వంగక ఎనిమిది నెలలుగా గోడకానుకుని నిలబడే చేస్తున్నాడు. మార్తమ్మ కొడుక్కి ఎదురుగా మోకరించింది. సూర్యారావు చెప్పులు విడిచి, కుర్చీలోనే బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు.

"దయగల తండ్రీ, ఈ బిడ్డ కాలు నీ సేతుల్లో పెడతన్నాను. వాడి ఆట వాడికిచ్చెయ్యి. నా నోట అవుననిపించు. నా బిడ్డ మళ్ళీ..."

ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఏడుస్తోంది కాబోలనుకుని సూర్యారావు కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

కాసేపటికి మార్తమ్మ మళ్ళీ అందుకుంది. కానీ ప్రార్థన దారి మారింది. రెండింటి బస్సు కోసం ప్రార్థించింది. డ్రైవరు కోసం, బ్రేకుల కోసం, ఘాటీలో ఒక్కో మలుపు కోసం, చివరికి కండక్టరు పిల్లల కోసం కూడా ప్రార్థించింది. ఇంత పొడుగు ప్రార్థన సూర్యారావు పుట్టి బుద్ధెరిగి వినలేదు. మధ్యలో ఎవరో ముక్కు ఎగబీల్చిన శబ్దం వినిపించింది. ఎట్టకేలకి, "ఆమేన్!" అని ఊరంతా వినబడేలా అంది మార్తమ్మ.

సూర్యారావు కళ్ళు తెరిచేసరికి ఆవిడ లేచి కొడుక్కి అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ భుజం మీంచి జీవరాజు తల కనిపిస్తోంది, ఎప్పటిలాగే గోడకానుకుని.

"ఊఁ, ఏమంటారు నర్సమ్మగారూ?"

"పేరు కొట్టించెయ్యండి బాబూ."

"అదేంటి! ఇందాకేగా బతిమాలారు?"

"పాతికేళ్ళ నర్సుని సెప్తన్నాను. ఆ కాలింక వంగదు."

సూర్యారావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. నిట్టూర్చి, బంతి సంచిలో వేసుకుని, వచ్చిన దారినే బస్సుకి వెళ్ళిపోయాడు.

జీవరాజు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "అమ్మా, నిజంగానే వంగట్లేదే! అబద్ధం కాదే!"

"తెలుసురా నాన్నా," అంది మార్తమ్మ. కింద కూర్చుని, కొడుకు తెల్ల పైజమాకి రెండు మోకాళ్ళ దగ్గరా అంటుకున్న ఎర్రమన్నుని మెల్లగా దులిపింది.