మీ తల జాగ్రత్త

"ఓయయ్యో! గిదేంది, గిటు చూడు!"

రమ కేకకు నగేశ్ బువ్వ తినుడు ఆపి ఉరికొచ్చిండు.

దుబాయిల ఉన్న తమ్మునితోని మాట్లాడదామని ఆమె ఫోన్ తీసింది. రోజూ 'నగేశ్ హోమ్' అని కనవడే వైఫై పేరు ఇయ్యాల లేదు. దాని జాగల కొత్త పేరు ఉంది.

అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనయే.

మీ తల జాగ్రత్త.

నగేశ్ మొఖం నల్లవడ్డది.

కామారెడ్డిల, రామారెడ్డి రోడ్డు మీది ప్లాటు కాడ ఆయనకూ సిద్దిరాములుకూ పచ్చగడ్డి ఏస్తే భగ్గుమంటది. "నీ తల తీసి గా ప్లాట్లనే పాతిపెడత" అని సిద్దిరాములు నలుగురి ముంగట అన్నడు. అని ఊకున్నడా? నగేశ్ బండిని కారుతోని గుద్దిచ్చిండు.

గా భయానికే నగేశ్ వాకిట్లకు కెమెరా పెట్టిచ్చిండు, ఫోన్ల చూసుకునేతందుకు వైఫై పెట్టిచ్చిండు. పాస్‌వర్డ్ ఏం పెట్టాలె అని అడిగితే, "గవన్ని ఎవలికి యాదుంటయి? ఒద్దుతియ్" అన్నడు. గేటుకు మాత్రం రెండు తాళాలు. మనోళ్ల తెలివి గట్లుంటది మరి!

"వాడు మన ఇంట్ల సొచ్చి రాసి పోయిండే!" అని రమ నెత్తి కొట్టుకున్నది.

నగేశ్ దోస్తు మల్లన్న వచ్చిండు.

"ఎదురింటి మీది రూముల కొత్తోడు దిగిండు రా. తుల్జారామట. ఎల్లారెడ్డి అవతలి తండా. పొద్దంత లాప్‌టాప్ ముంగటనే ఉంటడు."

"రాడ్ తే," అన్నడు నగేశ్.

తంతే తలుపు ఊడింది. లోపల సన్నటి మనిషి బిత్తరపోయి చూసిండు. ఆయన ముంగట తెర మీద నగేశ్ ఇంటి వాకిలి కనవడుతుంది. గా వాకిట్ల రమ నిలవడి ఉంది.

ఇంకేం సాక్ష్యం గావాలె?

మొదటి దెబ్బ మోకాలి మీద వడ్డది. రెండోది నోటి మీద.

"సిద్దిరాములు మనిషివేనా?"

తుల్జారాం అవునని తల ఊపిండు.

"పేరు మార్చింది నువ్వేనా?"

"నేనే అన్నా... తల... మీ తల..." పండ్లూడిన నోట్లకెళ్లి మాట ముద్ద ముద్దగ వచ్చింది.

"నెత్తురు కక్కుకుంట గూడ తల అంటవారా!"

మెట్ల మీదికెళ్లి కిందికి గుంజిన్రు. వాడకట్టంత జమయింది. "కెమెరాల ఆడోళ్లను చూస్తుండట" అన్నదొకామె. ఇగ ఆగుతరా? ఎవని చెప్పు వాడు తీసిండు. ఒక్కలకన్న పాపం అనిపిచ్చిందా అంటే, అనిపియ్యలే.

తుల్జారాం ఇగ మాట్లాడలేకపోయిండు. చెయ్యి లేపి, వేళ్లు మలిపి ఏదో తిప్పుతున్నట్టు చూపిచ్చిండు.

"మెడ తిప్పుతా అంటుండు, చూసిన్రా!" అని నగేశ్ గా చెయ్యి మీదనే కొట్టిండు. ఎముక ఇరిగిన సప్పుడు అందరికీ ఇనవడ్డది.

ఆఖరికి నూటెనిమిది బండొచ్చి తీస్కపోయింది.

మాపటిదాంక నగేశ్ మీసం మెలేసుకుంటనే ఉన్నడు. "పీడ పోయింది" అని మల్లన్నను పంపిచ్చిండు. రమ పాలకు పోయింది. ఆయనొక్కడే వాకిట్ల కుర్చేసుకున్నడు.

నలుగురు గోడ దుంకిన్రు.

కత్తి మెడ మీదికే వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి తెగివడ్డది. ఇంకో పోటు డొక్కల దిగింది. రమ వచ్చి పెట్టిన బొబ్బకు జనం ఉరికొచ్చిన్రు గాబట్టి పానం దక్కింది. ముగ్గురు పారిపోయిన్రు, ఒకడు దొరికిండు.

తెల్లారి దవఖానకు ఎస్సై అబ్రాహాము వచ్చిండు.

"నేనొక్కన్నే ఉన్ననని వాళ్లకెట్ల తెలిసింది సార్?" అన్నడు నగేశ్.

"నీ కెమెరానే చెప్పింది. వైఫైకి పాస్‌వర్డ్ లేదు, కెమెరాకు కంపెనీల పెట్టిందే ఉంది. సందుల కారు ఆపుకొని ఫోన్ల నీ ఇల్లు చూసుకుంట కూసున్నరు."

"తుల్జారాం గాని పనే ఇదంత!"

"ఆయన రాత్రే చచ్చిపోయిండు," అన్నడు ఎస్సై. "నీ మీద గూడ కేసు రాసినం."

తలుపు కాడ ముసలామె నిలవడ్డది. తుల్జారాం తల్లి, రామ్లి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నా కొడుకు మొన్న ఫోన్ చేసిండు బిడ్డా," అన్నదామె నగేశ్‌ను చూసి. "'యాడీ, నేను పోయి చెప్తే సిద్దిరాములు నన్ను సంపుతడు. గా ఇంటి వైఫైకి తాలా లేదు. తాలా జాగ్రత్త అని పేరు మారుస్త, చూసుకుంటరు' అన్నడు."

"తాలా అంటే?"

"తాళం బిడ్డా. మేం తాలా అనే అంటం."

ఇంగ్లీషుల రాస్తే తలకూ తాలాకూ తేడా ఏముంటది! నగేశ్ కండ్లు మూసుకున్నడు. వేళ్లు మలిపి చూపిచ్చింది తాళంచెవి తిప్పుడు.

"గని సార్, వాడు సిద్దిరాములు మనిషినని ఒప్పుకున్నడు," అన్నడు.

"అవును. నువ్వు ఒక్కనివి ఎప్పుడుంటవో చూసి చెప్పుమని పెట్టుకున్నరు," అన్నడు ఎస్సై. "దొరికినోడు అంత కక్కిండు. ఆ రూముల దిగిన కాంచి, నువ్వు ఒంటిగ కూసున్న పొద్దుల్ల గూడ, తుల్జారాం సిద్దిరాములుకు ఫోన్ల చెప్పింది ఒక్కటే మాటట: 'ఇంటినిండ చుట్టాలున్నరు సేట్, ఇయ్యాల రావద్దు.'"