గంగి ఒప్పుకోని ఒప్పందం

ఒకానొక అడవిలో జంతువుల పిల్లల కోసం ఒక విద్యాపీఠం ఉండేది. నెమలి దానికి పెద్ద. చిలుకలు పాఠాలు చెప్పేవి, గిజిగాళ్లు కప్పులు నేసేవి, గంగి అనే గాడిద ఏటి నుంచి నీళ్లు మోసేది.

ఆ ఏడు ఒక గిజిగాడికి రెక్క విరిగితే నెమలి దాన్ని పనిలోంచి తీసేసింది. మిగతావన్నీ ఏకమై, "జబ్బు చేసినా, దెబ్బ తగిలినా ఎవరినీ తీసెయ్యకూడదని ఒప్పందం కావాలి" అని గంగిని మాట్లాడటానికి పంపాయి.

నెమలి తరఫున నక్క బేరానికి కూర్చుంది. "నీ మోకాళ్లు అరిగిపోయాయి గంగమ్మా. నీ ఒక్కదానికీ జీవితాంతం పని ఖాయం చేయిస్తాను. మిగతావాళ్లకు నువ్వే సర్దిచెప్పు" అంది మెల్లగా.

గంగికి ఆశ పుట్టకపోలేదు. మోకాళ్లు నిజంగానే సలుపుతున్నాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఆ మాటేదో అందరికీ ఇవ్వు నక్క బావా. నా ఒక్కదానికైతే వద్దు."

మర్నాడు ఎవరూ పనిలోకి దిగలేదు. జింకపిల్లలు కూడా గురువుల పక్కనే వాకిట్లో బైఠాయించాయి. ఖాళీ తరగతుల్లో నెమలి పురి విప్పి తిరిగింది గాని చూసే దిక్కు లేదు. పొద్దు వాలేసరికి గొంతెండి బయటికొచ్చి, అందరి ముందూ ఒప్పందానికి సరేనంది.

"ఇక కాసిని నీళ్లు తే గంగీ."

"తెస్తానండి. ముందు గిజిగాణ్ణి లోపలికి పిలవండి."

నెమలి పురి ముడుచుకుని, తానే వెళ్లి ఆ చిన్న పిట్టను పిలుచుకొచ్చింది. చిలుకల కేరింతలతో అడవి దద్దరిల్లింది. ఆ సాయంత్రం గంగి తెచ్చిన నీళ్లలో మొదటి దొప్ప గిజిగాడికే దక్కింది.