అచ్చు తప్పిన నాణెం

నేను ఆఫీసు నుంచి రాగానే మా ఆయన నా పర్సు బల్ల మీద బోర్లించి, భూతద్దం పట్టుకుని, చిల్లరలో అచ్చు తప్పిన నాణేల కోసం వెతుకుతాడు.

"మీ జేబులో చిల్లర ఉండదా?"

"నీకేం తెలుసు, నోర్మూసుకో. ఒక్కటి దొరికితే మన దశ తిరుగుతుంది."

ఇవాళ నేనే ఒకటి కొని చిల్లరలో కలిపాను. బొమ్మ సగం పక్కకు జరిగిన నాణెం, అద్దం లేకుండానే తెలుస్తుంది. దాన్ని చూసి ఎగిరి గంతేస్తే చాలు, ఇన్నాళ్ల నా అనుమానానికి నేనే సిగ్గుపడదామనుకున్నాను.

దాన్ని వేలితో పక్కకు నెట్టాడు. అద్దం బస్సు టికెట్ మీద ఆగింది.

"మార్కెట్ దగ్గర దిగావేం? ఎవడున్నాడక్కడ?"

"పాత నాణేలమ్మే ముసలాయన."

"వాడి పేరేంటి?" అన్నాడు.