పసుపు కడుపు బల్లి

నా చేతిలో ఒక పేడా మిఠాయి డబ్బా, మా తమ్ముడు శైలేష్ తరఫున అడగాల్సిన ఒక మాట ఉన్నాయి. వాటితోనే కామాటిపురలో రాములమ్మ గదికి వెళ్లాను. కొడుకు పోయాక ఆమె, కోడలు సీమ, మనవరాలు స్నేహల్ అక్కడే ఉంటున్నారు. తమ్ముడికి పెళ్లాంగా నేను అడిగింది సీమను. సీమకు ఇష్టమే. రాములమ్మే తేల్చడం లేదు.

"మా ఇంట్ల బల్లి పలికితేనే మాటిస్తం, శివరాం."

ట్యూబ్‌లైట్ పక్కనున్న బల్లి ఎంతకీ పలకలేదు. అవతల నా దుకాణం మూసి ఉంది. విసుగొచ్చి లేవబోతుంటే "ట్చ్ ట్చ్ ట్చ్" అని వినబడింది.

"పలికింది. బస్, అయిపోయింది," అంది రాములమ్మ.

నేను డబ్బా మూత తీశాను. జువాలజీ చదివే స్నేహల్ గోడ వైపు చూసింది.

"ఆజీ, ఇది పలకలే. అట్ల పలికేదాని తోక మీద ముళ్లుంటయ్. దీని తోక నున్నగుంది, కడుపు పసుపు. వేరే జాతి. అంత గట్టిగ అరవదు."

కుదిరిన బేరం ఈ పిల్ల నోటితో పోయేలా ఉంది. సీమ తల దించుకుంది.

"మరి పలికిందెవరు?" అన్నాను.

"నేనే," అంది రాములమ్మ. "కోడలికి నేనే పెండ్లి చేస్తున్ననంటే ఈ చాల్‌ గదులల్ల ఉండే జనం ఊకుంటరా? బల్లి చెప్పిందంటే ఎవ్వరూ ఏమనరు. నువ్వు జర నోరు మూసుకో, పోరీ."

సీమ వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది.

"నీ తమ్ముడు నన్నేమని పిలుస్తడు?" అని అడిగింది రాములమ్మ.

"అత్తమ్మా అని."

ఒక్క సీమ కోసం వెళ్లినవాణ్ణి. మెట్లు దిగుతూ లెక్క చూసుకుంటే, మా తమ్ముడికి పెళ్లాంతో పాటు అత్త కూడా దొరికింది.