తప్పైంది సార్

"కాళ్లు మొక్కు. మొక్కుతవా లేదా?" కనకవ్వ కూతురి భుజం పట్టి ముందుకు తోసింది.

ఏడో తరగతి నవీన కదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ పద్మలత పక్క కుర్చీలో లెక్కల సారు దేవదాసు కూర్చుని ఉన్నాడు. ఆయన కుడి చేతి మీద పంటిగాట్లు ఎర్రగా కనబడుతున్నాయి. స్కూలు నుంచి ఫోన్ రాగానే కనకవ్వ సాంచాల షెడ్డులో మరమగ్గాలకు కండెలు చుట్టే పని వదిలేసి, జుట్టుకంటిన నూలు పీచు కూడా దులుపుకోకుండా ఉరికొచ్చింది.

"హోంవర్క్ ఏదని అడిగిన, గంతే," అన్నాడు దేవదాసు. "కుక్క కొరికినట్టు కొరికింది."

"ఎందుకు కొరికినవే? సారు గిక్కడనే ఉన్నడు, చెప్పు," అంది పద్మలత.

నవీన సారు వైపు చూసి తల దించుకుంది.

"నోట్లె నాలుక లేదా? నా ఇజ్జత్ తీస్తివి గద," అంటూ కనకవ్వ కూతురి చెంప మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ పడకుండా ఉంటే ఎంత బాగుండేదో. కన్నతల్లి ఉంది, చదువు చెప్పే తల్లి ఉంది. ఏం లాభం, పిల్ల మొహం వంక ఇద్దరిలో ఒక్కరూ సరిగా చూడలేదు.

నవీన వంగి సారు కాళ్లు మొక్కింది. "తప్పైంది సార్," అంది.

"పోనీ తియ్యి, చిన్నపిల్ల," అని దేవదాసు తల నిమిరాడు. పిల్ల బిగుసుకుపోయింది. ఆయన క్లాసుందని వెళ్లిపోయాడు.

కనకవ్వ చేతులు జోడించింది. "పేరు కొట్టెయ్యకున్రి మేడం. దీని సదువు మీదనే పానం పెట్టుకొని బతుకుతున్న."

"గట్లేం చెయ్యం గనీ కనకవ్వా, ఇంట్ల జర భయం చెప్పు."

గొడవ పెద్దది కాకుండా సద్దుమణిగిందని పద్మలత మనసు తేలికపడింది. గ్లాసెడు నీళ్లు తాగి, నవీన వైపు తిరిగి కాస్త నవ్వుతూనే అడిగింది.

"ఆడపిల్లవు, గీ కొరుకుడు ఎవరు నేర్పిన్రే నీకు?"

"మీరే మేడం," అంది నవీన. "ఎవరన్నా తాకరాని కాడ తాకితే కొరికి, ఉరికొచ్చి మీకే చెప్పుమన్నరు గద. నేనొచ్చేసరికే సారు మీ దగ్గర కూసున్నడు."