నాలుగుసార్లు మెలకువ

"మీ చుక్కలమందు పనిచెయ్యట్లేదండీ," అంటూ పాప తల్లి మందు సీసాను కంటి డాక్టరమ్మ బల్లమీద ఠక్కున పెట్టింది. "పదిహేను రోజులైంది. ఇంట్లో ఒక్కరికీ కంటిమీద కునుకు లేదు. నిన్న ఎవరిదో చొక్కాకి ఎడమచెయ్యి తీసుకెళ్ళి కుడివైపు కుట్టేశాను."

"తనదేముంది, విప్పి మళ్ళీ కుట్టుకుంటుంది," అన్నాడు పక్కనున్న భర్త, బస్సు డ్రైవరు. "నేను సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద తలవాల్చేశాను. పచ్చలైటు పడిందని వెనకసీటాయన వచ్చి భుజం తట్టి లేపాడు."

ఏడేళ్ళ పాప మాత్రం కుర్చీలో కాళ్ళూపుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ ఆ పిల్ల రెప్పలు మెల్లగా మడిచి చూసింది. పోయినసారి ఎర్రగా, గరుగ్గా ఉన్న లోపలిభాగం ఇప్పుడు నున్నగా ఉంది. ఎలర్జీ జాడే లేదు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది?"

"నాలుగుసార్లు. లేచినప్పుడల్లా దురదంటుంది. తడిగుడ్డ వేస్తాం."

"మరి బడిలో?"

"అక్కడ కళ్ళు నులుముకోవడమే లేదట. టీచర్ని అడిగాను."

డాక్టరమ్మకు అంతుపట్టలేదు. పగలంతా దుమ్ములో ఆడినా రాని దురద పక్కమీదికి చేరగానే ఎక్కణ్ణించి ఊడిపడుతోంది? దిండు మార్చారా? మార్చారు. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికారా? ఉతికారు. ఇంట్లో పిల్లీ కుక్కా ఉన్నాయా? మనుషులకే చోటు చాలదు.

"ఇంకాస్త గట్టిమందు రాసెయ్యండి మేడమ్," అన్నాడు తండ్రి ఆవలింత ఆపుకుంటూ.

ఆవిడ కలం తీసింది కానీ చెయ్యి సాగలేదు. ఇంతసేపూ పెద్దవాళ్ళనే అడిగింది. కళ్ళెవరివో ఆ మనిషిని ఒక్కమాటా అడగలేదు. కుర్చీ పాపవైపు జరుపుకుంది.

"రాత్రిపూట ఎందుకు లేస్తున్నావు తల్లీ?"

పాప అమ్మవంక, నాన్నవంక చూసి, డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగింది.

"నేనెక్కడ లేస్తాను? అమ్మ రెండుసార్లు, నాన్న రెండుసార్లు లేపి దురదగా ఉందా అని అడుగుతారు. లేదంటే నమ్మక లైటేసుకుని కూర్చుంటారు. కొంచెం ఉందంటే తడిగుడ్డ వేసి కాసేపైనా పడుకుంటారు, పాపం."